లీటరుకి పదహారు

మా మామయ్య అబద్ధాలకోరు కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, తర్వాత చెబితే మీరు నమ్మరు. నేను ఆ ఇంటి కోడల్ని. ఆయన వడ్రంగి. నూలుపోగంత తేడా వచ్చినా బిగించిన తలుపు విప్పి మళ్ళీ బిగించే రకం. చెప్పిన రోజుకి పని ఇచ్చేవారు, తీసుకున్న వస్తువు తిరిగిచ్చేవారు. ఒక్క తన ట్రక్కు మైలేజీ దగ్గర మాత్రం ఆయన నోటికి పట్టపగ్గాలుండేవి కావు.

సాయంత్రం పని కట్టేశాక మెకానిక్కు షెడ్డు ముందు నలుగురైదుగురు చేరేవారు. ఎవరి బండి ఎంతిస్తోందన్నదే అక్కడ మాట. గడియారాలు బాగుచేసే ఆయన ఒకరు తన చిన్న కారు ఇరవై రెండుకి తగ్గదనేవారు. వెనక నాలుగు గుమ్మాలు వేసుకుని ఎత్తు ఎక్కినా సరే, మామయ్య ట్రక్కు లీటరుకి పదహారు. ఒకరి కోతలు ఇంకొకరు తవ్వి చూడకూడదన్నది వాళ్ళలో వాళ్ళకి ఒప్పందం. "పదహారు గారొచ్చారు, జరగండి" అని ఆటపట్టించేవారు. ఆయన కసురుకునేవారు గానీ, ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

నేను పాల కేంద్రంలో పాలు పరీక్ష చేస్తాను. మా పాలు చిక్కటివని ప్రతి ఒక్కరూ చెబుతారు. నేను తలూపుతూనే గొట్టం ముంచి చూస్తాను. ఎవరి మాటా నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. అయినా ఇంటి పెద్దాయన మాటని పరీక్షించాలని నాకెప్పుడూ తోచలేదు. తోచి ఉంటే ఆ వేసవి వేరేగా గడిచేది.

వేసవి మొదట్లోనే పెట్రోలు శుద్ధిచేసే కర్మాగారం తగలబడింది. వారం తిరక్కుండానే బంకుల ముందు తాళ్ళు కట్టేశారు. బస్సులు సగానికి సగం ఆగిపోయాయి. బండికి వారానికి ఎనిమిది లీటర్లే, అదీ చీటీ ఉంటేనే అన్నారు. ఇంట్లో రోగి ఉన్నవాళ్ళకి, పని మీద దూరం తిరిగేవాళ్ళకి మాత్రం దూరాన్ని బట్టి వేరే చీటీ.

అత్తయ్యకి మూత్రపిండాలు పనిచేయడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. మంగళ, శుక్రవారాలు పట్నం ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. రానూపోనూ తొంభై ఆరు కిలోమీటర్లు. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచిన మనిషిని, ఆ కిక్కిరిసిన బస్సుల్లో నిలబెట్టి తీసుకురాలేం. అందుకని ఒక మంగళవారం ఆవిడని వార్డులో వదిలి, మామయ్యా నేనూ పక్క వీధిలో ఉన్న సరఫరా కార్యాలయానికి వెళ్ళాం. గడియారాలాయన కూడా తన చీటీ కోసం ట్రక్కు వెనకెక్కి మాతోనే వచ్చి, వరసలో మా వెనకే నిలబడ్డారు.

కిటికీ లోపల కళ్ళజోడుకి తాడు కట్టుకున్న గుమాస్తా ఒకావిడ కూర్చునుంది.

"దూరం?"

"నలభై ఎనిమిది."

"వారానికెన్నిసార్లు?"

"రెండు."

"బండి లీటరుకెంతిస్తుంది?"

మామయ్య ఒకసారి వెనక్కి చూశారు. వెనక గడియారాలాయన గొంతు సవరించుకున్నారు.

"పదహారు" అన్నారు మామయ్య.

"ఖాయమేనా? మీరు చెప్పినదాన్ని బట్టే లెక్క వేస్తాం."

"నా బండి సంగతి నాకు తెలియదా అమ్మా?"

ఆవిడ భుజాలెగరేసి రాసుకుంది. వారానికి పన్నెండు లీటర్లు. మామయ్య సంతకం పెట్టారు. పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు. నాకు నిజంగా తెలియదు. బయటికొచ్చాక గడియారాలాయన "శభాష్, మాటంటే మాటేనయ్యా" అని మామయ్య వీపు తట్టారు. మామయ్య నవ్వలేదు.

ఆ మర్నాటి నుంచి ట్రక్కు చిక్కిపోవడం మొదలుపెట్టింది. ముందు పనిముట్ల పెట్టె దిగింది. తర్వాత స్టెప్నీ చక్రం దిగింది. ఆ తర్వాత వెనక తలుపు విప్పేసి గోడకానించారు. దారిలో పంక్చరైతే ఏంటి గతి మామయ్యా అని అడిగితే "పిచ్చి బరువులమ్మా, ఎప్పటికైనా తీసేద్దామనే అనుకుంటున్నాను" అన్నారు. రోడ్డు మీద నలభై అయిదుకి మించి పోనిచ్చేవారు కాదు. వెనకొచ్చే లారీలన్నీ హారన్లు కొట్టి మరీ తిట్టుకుంటూ దాటిపోయేవి. ఏసీ పాడైందన్నారు. పోనీ అద్దాలు దించండంటే గాలి లోపలికొస్తే బండి బరువెక్కుతుందన్నారు. ఆ మండే ఎండలో ముగ్గురం ఒకే సీటు మీద ఒకరికొకరు అంటుకుపోయి కూర్చునేవాళ్ళం.

అత్తయ్యకి రోజుకి మూడు గ్లాసుల నీళ్ళకి మించి తాగే వీల్లేదు. మిషను దిగి వచ్చేటప్పుడు ఒక్క మంచు ముక్క నోట్లో వేసుకుని, అది ఊళ్ళోకి వచ్చేదాకా కరగకుండా ఆపాలని చూసేది. అది సగం దారిలోనే కరిగిపోయేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. కానీ పెద్దాయన మీద నోరు పారేసుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

నాలుగో వారంలో అనుకుంటా, తిరిగొస్తుంటే పెద్ద దిగుడు మొదట్లో మామయ్య తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశారు. బండి తనంతట తానే దిగుతోంది. చప్పుడు లేదు. కింద రైలు గేటు పడుతూ కనిపించింది.

"మామయ్యా, గేటు."

"చూశాను."

ఆయన బ్రేకు తొక్కారు. ఇంజను ఆగిన బండికి అది రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కినా బండి నిదానించిందే గానీ ఆగలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది, గుచ్చిన సూదుల కట్టు ఉన్న చేత్తోనే. మామయ్య చేతి బ్రేకు బలంకొద్దీ లాగారు. బండి అడ్డంగా జారి, గేటు కర్రకి బారెడు దూరంలో ఆగింది. రైలు పోయింది. గేటువాడు వచ్చి అద్దం మీద కొట్టి నానా మాటలూ అన్నాడు.

"రైలెక్కించి పంపించేద్దామనుకున్నారా నన్ను?" అంది అత్తయ్య. మామయ్య మళ్ళీ తాళంచెవి తిప్పి ఇంజను వేశారు. నాకు నవ్వు రాలేదు. ఈయన ఏదో దాస్తున్నారని అప్పుడు తట్టింది నాకు.

పట్టుకోవడం ఏమంత కష్టం కాలేదు. వారం వారం బంకులో పన్నెండు లీటర్లు పోసిన తర్వాత ముల్లు ఎక్కడ ఆగుతోందో చూస్తూ వచ్చాను. ప్రతిసారీ అంతకు ముందు వారం కంటే కిందే ఆగుతోంది. కర్మాగారం తగలబడే ముందు టాంకు నిండుగా ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఆ నిల్వ మీద గడిచిపోయింది. మీటరు అంకెలు పాల చీటీ వెనక రాసి భాగించి చూశాను. ఇన్ని కష్టాలు పడి నడిపితే పన్నెండు. మామూలుగా నడిపితే పదకొండు కూడా రాదు. చెప్పిన అబద్ధం వల్ల వారానికి నాలుగు లీటర్లు లోటు. ఇంకో రెండు మూడు వారాలకి టాంకు అడుగంటుతుంది.

మా ఆయన రొట్టెల బట్టీలో పని చేస్తాడు. రాత్రంతా పని, పగలంతా నిద్ర. లేపి చెప్పాను. మంచం మీద కూర్చుని తల గోక్కున్నాడు.

"నాన్నకి నువ్వంటే గౌరవం. నువ్వే అడుగు."

"నీకు నాన్న, నాకు కాదు."

"అందుకే నువ్వడగాలి. నేనడిగితే తాడోపేడో తేల్చేసుకుంటాం ఇద్దరం" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

నేను అడగలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ వాయిదా వేశాను. ఈ కథలో నా తప్పు కూడా ఉంటే అది ఇదే.

ఇంతలో అత్తయ్య ఒక శుక్రవారం పొద్దున, వార్డులో ఒక మిషను పాడైందట, ఉన్నవాటితో సర్దుతున్నారట, కొన్నాళ్ళు మంగళవారం ఒక్కరోజే రమ్మన్నారట అని చెప్పింది. మామయ్య "అలాగా" అన్నారు. ఆయన ముఖంలో బెంగ కనిపించింది, ఆ వెనకే ఒక తెరిపి కూడా. ఆ తెరిపి చూసి నాకు ఒళ్ళు మండింది. అయినా మిషను మాట నమ్మాను.

మూడు శుక్రవారాలు అలా గడిచాయి. అందులో ఒక వారం బంకుకి పెట్రోలే రాక, మిగిలిందంతా దానికే సరిపోయింది. అత్తయ్య పాదాలు ఉబ్బాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకి దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. ఎండకి అంతేనమ్మా అనేది.

ఒక బుధవారం పొద్దున పాల కేంద్రంలో ఉండగా నాకు ఫోనొచ్చింది. వార్డు నర్సు.

"మీ అత్తగారు శుక్రవారాలు ఎందుకు రావడం లేదమ్మా?"

"మిషను పాడైందన్నారుగా?"

"ఏ మిషనూ పాడవలేదు. ఊరెళ్తున్నామని మీ అత్తగారే చెప్పారు. నిన్న ఆవిడ బరువు చూసి డాక్టరుగారు మా మీద కేకలేశారు. ఒంట్లో నీరు గుండె మీదికి వస్తోంది. ఇవాళే తీసుకురండి. మధ్యాహ్నం మంచం ఒకటి ఖాళీ ఉంది."

క్యాన్లు అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. అత్తయ్య వంటగది గుమ్మంలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఒక్కో చొక్కాకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"నర్సు ఫోన్ చేసింది అత్తయ్యా."

ఆవిడ చొక్కా మడత పూర్తి చేసింది. "పెరటి తలుపు దగ్గరగా వెయ్యి" అంది.

"ఎందుకిలా చేశారు?"

"పెట్రోలు చాలదమ్మా. నాకు తెలుసు. నీకూ తెలుసు, ముల్లు వంక నువ్వు చూస్తుంటే నేను చూశాను."

"చాలకపోతే వెళ్ళి అడుగుదాం. రాసింది మారుస్తారు."

"ఏమని అడుగుతారాయన? పదహారు కాదు, ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఉత్తిదే అనా? ఆ నలుగురిలో ఆయన చిన్నబోతే నేను చూడలేనే."

"మీరు చచ్చిపోతే ఆయన చూడగలరా?"

అత్తగారితో అలా మాట్లాడతానని నేను కలలో కూడా అనుకోలేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఆయనకి చెప్పనని ఒట్టెయ్" అంది. వెయ్యనన్నాను. చెయ్యి విడిపించుకుని పెరట్లోకి వెళ్ళాను.

మామయ్య బల్ల మీద సొరుగు పలక చిత్రిక పడుతున్నారు. చెవి వెనక పెన్సిలు. పొట్టు కాళ్ళ చుట్టూ పడి ఉంది.

"మామయ్యా, ఆసుపత్రిలో మిషను పాడవలేదు."

ఆయన చిత్రిక ఆపలేదు.

"శుక్రవారాలు అత్తయ్యే మానేసింది, మీకు పెట్రోలు చాలదని. నీరు గుండె మీదికొస్తోందట. ఇవాళే తీసుకురమ్మన్నారు."

చిత్రిక పలక సగంలో ఆగింది. ఆయన దాన్ని పక్కకి పెట్టి, పలక అంచు మీద బొటనవేలు అటూ ఇటూ రాశారు. ఆ తర్వాత పెన్సిలు తీసి జేబులో పెట్టుకుని "ట్రక్కులో అయిదు లీటర్లుంటుంది. పోవడానికి చాలు" అన్నారు.

"రావడానికి?"

"ముందు పోదాం పదమ్మా."

ఆ రోజు ఆయన అద్దాలు దించి, డెబ్భై మీద పోనిచ్చారు. అత్తయ్య మధ్యలో ముందుకి వంగి కూర్చుని, డాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆనించుకుంది. ఒక్కసారి నా వంక చూసింది. చెప్పేశావు కదూ అని ఆ చూపు. నేను తల తిప్పుకోలేదు.

ఊరు దాటాక మామయ్య రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అన్నారు. "ఇది పదకొండే ఇస్తుందే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కొన్న ఏడాది నుంచీ. బంకు చీటీలు చొక్కా జేబుల్లో వదిలేస్తే తీసి ఉతికేది నేనే కదండీ."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

ఆవిడకి ఊపిరి అందడానికి కొంచెం సేపు పట్టింది. "మీరు నలుగురిలో కూర్చుని గొప్పలు చెప్పుకునేది అదొక్కటే. పోనీలే అనుకున్నాను."

గేరు మార్చినప్పుడు మామయ్య దవడ బిగుసుకోవడం చూశాను. కోపం పోలేదు నాకు. కానీ దాని పక్కన ఇంకేదో కూడా వచ్చి చేరింది.

ముల్లు అడుగుకి ఆనుకుని ఉండగా ఆసుపత్రి గేటు దాటాం. అత్తయ్యని మిషను మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చేదాకా ఉండి, ఇద్దరం సరఫరా కార్యాలయానికి నడిచాం. అదే కిటికీ, అదే ఆవిడ. మామయ్య చీటీ ముందుకి తోశారు.

"ఇందులో పదహారని రాయించాను. తప్పు. మార్చాలమ్మా."

"ఎంతిస్తుంది మరి?"

"పదకొండు."

ఆయన గొంతు ఎంత తగ్గిందంటే ఆవిడ మళ్ళీ అడగాల్సి వచ్చింది. రెండోసారి కొంచెం పెద్దగా చెప్పారు. మా వెనకున్నవాళ్ళు తలలెత్తారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పాత కాగితాల కట్ట తీసింది. వెతికి, మామయ్య కాగితం బయటికి లాగి, మళ్ళీ ఆయన వంక చూసింది.

"ఈ వేసవిలో నా చేతి మీదుగా రెండు వేల కాగితాలు పోయాయి. పెట్రోలు ఎక్కువొస్తుందని అందరూ తగ్గించి రాయించుకున్నారు. చిన్న కార్లు కూడా తొమ్మిదీ పదీ అని రాయించాయి. ఎక్కువ చెప్పింది మీరొక్కరేనండీ. అప్పుడే అనుకున్నాను, ఈయనెవరో నిజం చెబుతున్నాడని."

మామయ్య కిటికీ చువ్వ పట్టుకున్నారు. గడియారాలాయన ఆ రోజు ఎంత చెప్పి ఉంటారో నాకిప్పుడు అర్థమైంది. ఆయనకి కూడా అర్థమైందనుకుంటా. షెడ్డు ముందు చేరేవాళ్ళందరూ సాయంత్రం మాట సాయంత్రమే వదిలేసి, పగలు పని చూసుకున్నారు. మా మామయ్య ఒక్కరే దాన్ని కార్యాలయం దాకా మోసుకొచ్చారు.

"ఇప్పుడు తగ్గించమంటే ఊరికే తగ్గించలేను. పరీక్ష చెయ్యాలి" అందావిడ. మా అదృష్టం, తనిఖీ చేసే ఆయన కార్యాలయం పెరట్లోనే ఉన్నాడు. మాతో ఆసుపత్రి దగ్గరికి వచ్చి, ట్రక్కు ఇంజను పక్కన లీటరు పెట్రోలున్న సీసా ఒకటి కట్టి, సన్నటి గొట్టం తగిలించి, టాంకు దారి మూసేసి, మీటరు అంకె రాసుకున్నాడు. స్టీరింగు ఆయనే పట్టుకున్నాడు. మధ్యలో మామయ్య, కిటికీ పక్కన నేను. పట్నం చుట్టూ ఉన్న రోడ్డు మీద బయల్దేరాం.

నా కళ్ళు మీటరు మీదే ఉన్నాయి. ఇది పన్నెండు దాటి పోయిందంటే అత్తయ్య పెట్రోలు ఆ మేరకి పోయినట్టే. ఏడు, ఎనిమిది, తొమ్మిది. మామయ్య పెదాలు అంకెలతో పాటు కదులుతున్నాయి. ముందున్న సంత దగ్గర బళ్ళు ఆగాయి, మేమూ ఆగాం, ఇంజను తిరుగుతూనే ఉంది. మళ్ళీ కదిలాం. పది దాటింది. మామయ్య ముందుకి వంగి, చేత్తో డాష్‌బోర్డు నిమిరారు.

"ఇక ఆగవే తల్లీ" అన్నారు, నాకు మాత్రమే వినిపించేలా. "ఆగిపో."

పది పాయింటు ఆరు దగ్గర బండి రెండు సార్లు ఎగిరిపడి ఆగిపోయింది. మామయ్య కళ్ళు మూసుకున్నారు. తనిఖీ ఆయన అంకె రాసి సంతకం చేశాడు. మూడున్నరకల్లా కొత్త చీటీ మా చేతిలో ఉంది, వారానికి పద్దెనిమిది లీటర్లు. పక్క బంకులోనే పోయించుకున్నాం. ఆ గొట్టంలోంచి పెట్రోలు పడుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

వార్డుకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. అత్తయ్య మిషను దిగి కుర్చీలో ఉంది. ముఖం పాలిపోయింది గానీ ఊపిరి సాఫీగా ఆడుతోంది. మామయ్య చీటీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఆవిడ చదువుకుని "పద్దెనిమిదా!" అంది, చిన్నపిల్లలా. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వారు.

అప్పుడు నర్సు ఇంకో కాగితం పట్టుకుని వచ్చింది.

"డాక్టరుగారు రాశారు. మానేసిన వారాల వల్ల గుండె కొంచెం దెబ్బతింది. ఇక రెండు సార్లు చాలదు. వారానికి మూడు. ఎల్లుండి నుంచే మొదలు, ఒక్కటి కూడా తప్పడానికి వీల్లేదు."

"మళ్ళీ రెండుకి ఎప్పుడు తగ్గిస్తారు?" అని అడిగాను.

నర్సు అత్తయ్య వంక చూసి, నా వంక చూసి, "తగ్గించరమ్మా" అంది.

మామయ్య ఆ కాగితం తీసుకుని చదివారు. మళ్ళీ చదివారు. అత్తయ్య ఒళ్ళోంచి చీటీ తీసుకున్నారు. గోడ గడియారం అయిదుకి పదిహేను నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కార్యాలయం కిటికీ అయిదింటికి మూసేస్తారు.

"అమ్మాయ్, అత్తయ్యని చూస్తుండు" అని ఆయన పరిగెత్తారు. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య "నువ్వు వెళ్ళవే, కింద పడతారాయన" అంది. నేనూ పరిగెత్తాను.

నేను చేరేసరికి కిటికీ ముందు పాతికమంది దాకా ఉన్నారు. మామయ్య వరస చివర లేరు. డాక్టరు కాగితం తల మీదికెత్తి పట్టుకుని, ఒక్కొక్కరినీ దాటుకుంటూ, దాటిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నారు. ఆయాసంతో మాట తెగిపోతోంది, అయినా వీధి చివరికి వినిపించేలా చెబుతున్నారు.

"కొంచెం ముందుకి పోనివ్వండి బాబూ. అబద్ధం చెప్పానమ్మా, నా బండి పదిన్నరే ఇస్తుంది. మా ఆవిడకి వారానికి మూడు సార్లు కావాలి. పోనివ్వండి, పదిన్నరే ఇస్తుంది."